ఉప్పు లెక్క

(జూన్ 29, గణాంక దినోత్సవం నాడు ఒడిశాలోని బరంపురంలో తెలుగువాళ్ల సంఘం హాల్లో, కొత్తగా వ్యాపారం పెట్టాలనుకునేవాళ్ల కోసం ఒక సభ జరిగింది. చాలా ఏళ్లుగా ఇక్కడ ట్యాక్స్ కన్సల్టెంటుగా ఉన్న ఒక పెద్దాయన అందులో మాట్లాడారు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెడుతున్నాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక గోడ దగ్గర నిలబడ్డ తమ్ముళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రండి బాబూ, బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించను.

కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసినప్పుడు "రెండొందల మంది వస్తారండీ" అన్నారు. ఇందాక గుమ్మం దగ్గర "నూట యాభై దాకా ఉంటారు" అన్నారు. నేనిక్కడ నిలబడి చూస్తున్నాను కాబట్టి నాకో లెక్క కనబడుతోంది. అది చెప్పను. ఆయన నవ్వుతున్నారు. ఆయన అబద్ధం చెప్పలేదండీ. సభ పెట్టిన మనిషి కంటికి జనం ఎప్పుడూ ఎక్కువే కనబడతారు. పెళ్లిలో వంటాయన లెక్కపెట్టిన ఆకులు, పెళ్లికూతురి తండ్రి లెక్కపెట్టిన ఆకులు ఎప్పుడైనా ఒక్కటయ్యాయా? భోజనాలు అవే, పంక్తి అదే. లెక్కలు మాత్రం రెండు.

ఈ రోజు నేను చెప్పబోయేది అంతా ఆ రెండు లెక్కల గురించే. వ్యాపారం పెట్టేముందు మనకు చాలా అంకెలు చెబుతారు. కంపెనీవాడు చెబుతాడు, బ్యాంకువాడు చెబుతాడు, పేపరు చెబుతుంది, ఇప్పుడు ఫోను కూడా చెబుతోంది. ఆ అంకె నిజమా కాదా అని మనం అడుగుతాం. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఈ అంకె పెద్దదైతే లాభం ఎవరికి? చిన్నదైతే లాభం ఎవరికి?

నా వృత్తిలో ఉన్నవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. ఒక షాపు ఓనరు ఉంటాడు. ఎవరని అడక్కండి, ఈ హాల్లో కూడా ఉండొచ్చు. ట్యాక్సు దగ్గరికొచ్చేసరికి "ఏం వ్యాపారం సార్, ఈగలు తోలుకుంటున్నాం" అంటాడు. అదే మనిషి బ్యాంకులో లిమిటు పెంచమని అడిగేటప్పుడు అమ్మకం దానికి రెండింతలు చెబుతాడు. కొడుక్కి పెళ్లిసంబంధం వచ్చిందనుకోండి, మూడో లెక్క బయటికొస్తుంది. అది మొదటి రెండూ కలిపిన దానికంటే పెద్దది! షాపు ఒక్కటే, గల్లాపెట్టె ఒక్కటే. మరి ఏది నిజం? మూడూ కూడి మూడు పెట్టి భాగిస్తే నిజం వస్తుందా? రాదు కదా.

ఇంకొకరి మీద చెప్పి తప్పించుకోకూడదు కాబట్టి నా కథ కూడా చెబుతాను. మా ఆవిడ ఈ సభకు రాలేదు, అందుకని ధైర్యంగా చెబుతున్నాను.

అప్పట్లో కూల్‌డ్రింకులన్నీ గాజు సీసాల్లోనే వచ్చేవి. క్రేట్లకు, సీసాలకు డిపాజిట్ కట్టాలి. నేనూ మా బావమరిదీ కలిసి ఒక కంపెనీ ఏజెన్సీ తీసుకుందామనుకున్నాం. కంపెనీ పేరు మీకు అక్కర్లేదు. ఆ కంపెనీ సేల్స్ ఆఫీసర్ మా ఇంటికొచ్చాడు. చక్కటి మనిషి, టై కట్టుకున్నాడు, మా అమ్మ చేతి కాఫీ తాగి రెండుసార్లు మెచ్చుకున్నాడు. బ్యాగులోంచి ఒక చార్టు తీశాడు. మా ఏరియాలో ముందటి ఏడు ఏప్రిల్లో ఎన్ని క్రేట్లు, మేలో ఎన్ని క్రేట్లు పోయాయో అందులో ఉంది. గీత పైకి పోతోంది. గీత పైకి పోతుంటే మనసు దానితోనే పైకి పోతుంది, గమనించారా? నేను అప్పటికే నలుగురికి లెక్కలు రాసి పెడుతున్న మనిషిని. ఆ కాగితం మీద కూడికలు సరిగ్గా ఉన్నాయా లేదా చూశాను. సరిగ్గానే ఉన్నాయి. అంతే, నా చదువు అక్కడితో ఆగిపోయింది.

నేను అడగనివి రెండు. మొదటిది, ఆ చార్టు ఏ ఏడాదిది? బరంపురంలో ఉంటున్న మీకు చెప్పక్కర్లేదు. అది ఠాకురాణి యాత్ర జరిగిన ఏడు. దేశీబెహెరా వీధిలో బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికొచ్చి కూర్చుంటే నెల రోజులపాటు ఊరికి నిద్ర ఉండదు. చైత్రమాసం, మండుటెండలు, రాత్రి తెల్లవార్లూ వేషాలు, ఘటాలు, చుట్టుపక్కల ఊళ్లన్నీ ఇక్కడే. అలాంటి నెలలో కూల్‌డ్రింకు పోక ఏం పోతుంది? కానీ అమ్మవారు రెండేళ్లకోసారే వస్తుంది. మేము ఏజెన్సీ తీసుకున్నది రాని ఏడు. "పోయినేడాది కంటే ఇరవై శాతం ఎక్కువ" అని మాకు టార్గెట్ వేశారు. మేము సంతకం పెట్టాం. ఆ సేల్స్ ఆఫీసర్ ఈ ఊరివాడు కాదు, అతనికి తెలియదంటే సరే. నేను ఈ ఊళ్లో పుట్టాను. ఆ వీధి మా ఇంటికి నాలుగు సందుల అవతల ఉంది. నాకేమైంది?

రెండోది ఇంకా ముఖ్యం. ఆ చార్టులో ఉన్నది అమ్మకం కాదు. కంపెనీ గోడౌను నుంచి డీలరు గోడౌనుకు పంపిన సరుకు. పంపితే వాళ్ల పుస్తకంలో అది అమ్మకమే. డీలరు దగ్గర నుంచి కిళ్లీకొట్టుకు పోయిందా, కిళ్లీకొట్టు నుంచి మనిషి గొంతులోకి పోయిందా, ఆ చార్టుకు సంబంధం లేదు. మార్చి నెలాఖరు వస్తే సేల్స్ వాళ్లకు టెన్షన్. "సార్, ఒక్క లోడు దించుకోండి, స్కీమ్ ఇస్తాం, ఏప్రిల్లో సర్దుతాం" అంటారు. ఎఫ్‌ఎమ్‌సీజీ, అంటే సబ్బులూ బిస్కట్ల లాంటి రోజువారీ సరుకుల డిస్ట్రిబ్యూటర్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారు, తలూపుతున్నారు. ఈ రోజుకీ అదే కథ కదండీ? ఇప్పుడు ప్రైమరీ అంటారు, సెకండరీ అంటారు, పేర్లు మారాయి. డీలరుకు పంపింది ప్రైమరీ, డీలరు షాపులకు అమ్మింది సెకండరీ. ఏజెన్సీ ఇస్తామని వచ్చినవాడు మీకు చూపించేది ఎప్పుడూ ప్రైమరీయే. పాత డీలరు ఎందుకు మానేశాడని మేము అడగలేదు. అతని గోడౌనుకు వెళ్లి తలుపు తీయించి ఉంటే గోడకు ఆనించి పేర్చిన క్రేట్లు అవే సమాధానం చెప్పేవి.

ఏం జరిగిందో ఊహించుకోండి. జూన్ వానలు పడేసరికి మా పెరట్లో క్రేట్లు, వసారాలో క్రేట్లు. మా ఆవిడ గాజులు బ్యాంకులో. మా పిల్లలు మాత్రం ఆ ఏడాది చాలా సంతోషంగా గడిపారు, పొద్దున్నా సాయంత్రం అదే తాగారు.

ఆ తర్వాత చాలా కాలానికి గాని నాకు తట్టని సంగతి ఒకటుంది. నిజమైన లెక్క ఎక్కడో దాక్కోలేదు, మా కళ్లెదుటే ఉంది. ఖాళీ సీసాలు! తాగనిదే సీసా ఖాళీ కాదు. డిపాజిట్ ఉంది కాబట్టి ఖాళీ సీసా తప్పకుండా వెనక్కి వస్తుంది. నిండు క్రేట్ల లెక్క పెంచి చెప్పడానికి అందరికీ కారణం ఉంది. ఖాళీ సీసాల లెక్క పెంచి చెప్పి ఎవడు బాగుపడతాడు? ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చున్న వాచ్‌మన్ పుస్తకంలో అది రాసి ఉంటుంది. టై కట్టుకున్న మనిషి చార్టు కంటే ఆ వాచ్‌మన్ నోటు పుస్తకం నమ్మకమైంది.

ఇది నేను కనిపెట్టిన గొప్ప సంగతేం కాదు. ఈ మాట నాకంటే ఎంతో ముందు, నాకంటే చాలా పెద్ద విషయంలో చూసినవాళ్లున్నారు. సి.ఆర్. రావు గారి పేరు విన్నారా? పిల్లలు ఒకరిద్దరు చేతులెత్తారు, సంతోషం. మన తెలుగువాడు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి కలకత్తా వెళ్లి, మహలనోబిస్ గారు పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, ప్రపంచమంతా గౌరవించే గణాంక శాస్త్రవేత్త అయ్యారు. 2023లో 102 ఏళ్ల వయసులో పోయారు. ఆయన ఈ కథ చెప్పేవారు.

1947. దేశం రెండు ముక్కలైంది. ఢిల్లీలో అల్లర్లు. ప్రాణభయంతో వేల మంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. సరుకులు వేసేది కాంట్రాక్టర్లు. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. కాంట్రాక్టర్లు ఇంతమందికి ఇంత వేశాం అని బిల్లు పెడుతున్నారు, ప్రభుత్వం కడుతోంది. బిల్లులు చూస్తే గుండె ఆగిపోయేలా ఉన్నాయి. అప్పుడు గణాంకాల వాళ్లను పిలిచారు. లోపలికి వెళ్లకుండా లోపల ఎంతమంది ఉన్నారో చెప్పండి అన్నారు.

మీరైతే ఏం చేస్తారు? ఒక్క నిమిషం ఆలోచించండి. మీ చేతిలో ఉన్నవి కాంట్రాక్టర్ల బిల్లులే. అవి నమ్మడానికి లేదు. వేరే కాగితం లేదు.

వాళ్లు ఆ బిల్లుల్నే తీసుకున్నారు. రోజుకు ఎన్ని బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు వేశామన్నారో చూశారు. మనిషి సగటున రోజుకు ఎంత తింటాడో అంతకుముందు చేసిన సర్వేల్లో ఉంది. బియ్యాన్ని మనిషి తినే బియ్యంతో భాగించారు, ఒక జనాభా వచ్చింది. పప్పును పప్పుతో భాగించారు, ఇంకో జనాభా వచ్చింది. ఉప్పును ఉప్పుతో భాగించారు, మూడోది వచ్చింది. బిల్లు నిజమైతే మూడూ దగ్గర దగ్గరగా రావాలి కదా? రాలేదు. బియ్యం చెప్పిన జనాభా అన్నిటికంటే పెద్దది, ఉప్పు చెప్పిన జనాభా అన్నిటికంటే చిన్నది. వాళ్లు ఉప్పునే నమ్మారు. ఎందుకు? బియ్యం ధర ఎక్కువ. ఒక బస్తా ఎక్కువ రాస్తే కాంట్రాక్టరుకు నాలుగు డబ్బులు మిగులుతాయి. ఉప్పులో ఏముంది? పది బస్తాలు దొంగలెక్క రాసినా బీడీకట్ట ఖర్చు రాదు. అందుకని ఉప్పు దగ్గర నిజమే రాశాడు. ఈ పద్ధతినే హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరం మీద కూడా పరీక్షించి చూశారు, అక్కడ మనుషుల లెక్క కొంత తెలుసు కాబట్టి. సరిపోయింది.

ఈ కథ విన్నాక నేను మళ్లీ మామూలు మనిషిని కాలేదండీ. ఎక్కడికెళ్లినా ఉప్పెక్కడుందని వెతకడమే. ఖాళీ సీసాలే మా ఉప్పు అని అర్థమైంది కూడా అప్పుడే.

ఒక హోటల్ అమ్మకానికొచ్చింది, కొందామని ఒకాయన నా దగ్గరికొచ్చాడు. అమ్మేవాడు రోజువారీ గల్లా ఇంత అని చెబుతున్నాడు. ఆ మాట వదిలేయ్ అన్నాను. అమ్మేవాడికి ఆ అంకె పెద్దగా ఉంటేనే లాభం, అది బియ్యం. రోజుకు పాలు ఎన్ని ప్యాకెట్లు వేస్తున్నాడో పాలవాణ్ణి అడుగు. గ్యాసు సిలిండర్లు నెలకెన్ని మారుతున్నాయో డెలివరీ అబ్బాయిని అడుగు. ఆకులు, కాగితపు ప్లేట్లు ఎక్కడ కొంటున్నాడో చూడు. పొద్దున్న ఆరింటికెళ్లి వెనక వీధిలో చెత్తడబ్బా పక్కన నిలబడు, సిగ్గేముంది? కరెంటు బిల్లు పన్నెండు నెలలవి తెమ్మను. ఒక్క నెలది కాదు, పన్నెండూ. ఇవన్నీ తలొక దిక్కు నుంచి వచ్చే లెక్కలు. పాలవాడికీ గ్యాసువాడికీ ఆ హోటల్ అమ్ముడుపోయినా పోకపోయినా ఒరిగేది లేదు. వాళ్ల లెక్కలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చి, గల్లా లెక్క ఒక్కటే ఆకాశంలో ఉంటే... మీకు అర్థమవుతోంది కదా.

అయితే ఒక జాగ్రత్త. ఉప్పు కూడా ఉప్పుగా ఎల్లకాలం ఉండదు. నేను పాల ప్యాకెట్లు చూస్తానని ఊళ్లో తెలిసిపోయిందనుకోండి, అమ్మేవాడు పదిరోజుల ముందు నుంచి పాలు ఎక్కువ వేయించి పెరుగు తోడు పెట్టేస్తాడు! నవ్వకండి, ఒకాయన నిజంగానే చేశాడు. అందుకని మూడు నాలుగు చోట్ల చూడాలి. ఏం చూస్తున్నారో చెప్పకుండా చూడాలి.

ఇక మన పిల్లలు చేసే సర్వేల సంగతి. ఒక కుర్రాడొచ్చాడు. బిర్యానీ పాయింటు పెడతానన్నాడు. "అంకుల్, డేటా ఉంది" అన్నాడు. ఏటి బాబూ డేటా అంటే ఫోను తీశాడు. వాట్సాప్ గ్రూపుల్లో పోల్ పెట్టాడు, మూడొందల మంది కొంటామన్నారు. ఆ మూడొందల మంది ఎవరు? కాలేజీ స్నేహితులు, వాళ్ల స్నేహితులు. అందులో సగం మంది హైదరాబాదు, బెంగళూరుల్లో ఉన్నారు. వాళ్లకు ఇక్కడి నుంచి బిర్యానీ ఎలా పంపుతావురా? మిగతావాళ్లకు నువ్వంటే ఇష్టం, "ఊఁ" అనడానికి ఖర్చులేదు. నేనొకటే చెప్పాను. ఆదివారం పాతిక బిర్యానీలు ఇంట్లో వండు, డబ్బు ముందుగా పంపినవాళ్లకే ఇస్తానని అదే గ్రూపులో పెట్టు. ఎన్ని వచ్చాయో నేను చెప్పను, కుర్రాడు ఈ హాల్లోనే ఉన్నాడు.

లెక్క పెద్దదైతే మంచిదనుకుంటాం. 1936లో అమెరికాలో ఒక పత్రిక ఎన్నికల జోస్యం చెప్పడానికి కోటి మందికి కార్డులు పంపింది. 24 లక్షల మంది జవాబు రాశారు. రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని తేల్చారు. ఆయన 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు. చిరునామాలు ఎక్కడి నుంచి తీశారు? టెలిఫోను పుస్తకాల్లోంచి, కార్లున్నవాళ్ల జాబితాల్లోంచి. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాడు ఎవడు? ఉన్నవాడే కదా. లేనివాడిని ఎవరూ అడగలేదు. 24 లక్షలు కాదు, 2 కోట్లు అడిగినా అదే జవాబు వచ్చేది.

మరి ప్రభుత్వం లెక్కలు? జనాభా లెక్కల్లో ఎవరికీ లాభం లేదు కదా, నమ్మొచ్చు కదా అంటారు. నమ్మొచ్చు. కానీ అది ఏ రోజు లెక్క, ఎవరిని లెక్కపెట్టింది అని చూసుకుని నమ్మాలి. 2011 లెక్కల్లో మన గంజాం జిల్లా జనాభా 35 లక్షల పైచిలుకు, జనాభాలో ఒడిశాలోకెల్లా పెద్ద జిల్లా. ఆ తర్వాత 2021లో జరగాల్సిన లెక్క కరోనా వల్ల ఆగిపోయింది. ఇప్పుడు 2027 మార్చి 1 తేదీతో వేస్తామన్నారు. ఈ మధ్యలో ఏ కంపెనీవాడు మీకు జిల్లా మార్కెట్ అని చూపించినా అది 2011 అంకెను ఇంత శాతం చొప్పున సాగదీసిందే. సాగదీసిన రబ్బరు అది.

పైగా మన జిల్లా సంగతి మీకు తెలుసు. మన కుర్రాళ్లు ఎక్కడున్నారు? సూరత్‌లో. మరమగ్గాల మీద ఉన్నారు. అస్కా, భంజనగర్ వైపు ఊళ్లకు వెళ్లండి, చాలా ఇళ్లల్లో ముసలాళ్లూ ఆడవాళ్లూ పిల్లలూ కనబడతారు. వాళ్లు సూరత్ నుంచి పంపే డబ్బు ఇక్కడ ఖర్చవుతుంది, మనుషులు అక్కడ ఉంటారు. కాబట్టి మగవాళ్ల చొక్కాలు అమ్మేవాడు తలలు లెక్కపెడితే మునుగుతాడు, ఇళ్లకు సిమెంటు అమ్మేవాడు తలలు లెక్కపెడితే అవకాశం పోగొట్టుకుంటాడు. అంకె ఒక్కటే, ఇద్దరికీ రెండు రకాలుగా తప్పు. బట్టల వ్యాపారం చేసే ఒకాయన నాకు చెప్పిన చిట్కా బాగుంది. పండగ ముందు అహ్మదాబాదు నుంచి పూరీ వెళ్లే బండి మన స్టేషన్లో ఆగినప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడతాడట. దిగే బ్యాగులు చూసి సరుకు తెప్పిస్తాడు. అది ఆయన ఉప్పు.

ఇంతసేపూ జరిగిపోయిన వాటి లెక్కలు చెప్పాను. ఇక జరగబోయే వాటి సంగతి. జోస్యాలు.

ఫైలిన్ తుఫాను గుర్తుందా? అడుగుతున్నానే గాని, ఈ ఊళ్లో అది మరిచిపోయినవాడు ఎవడుంటాడు. 2013 అక్టోబర్ 12, సాయంత్రం. రేపో ఎల్లుండో విజయదశమి. షాపుల్లో పండగ సరుకు నిండుగా ఉంది. నాలుగు రోజుల ముందు నుంచి వాతావరణ శాఖ చెబుతూనే ఉంది. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటుతుంది, గాలి రెండొందల కిలోమీటర్ల పైన ఉంటుంది అని. విదేశీ సంస్థలు కొన్ని ఇంకా ఘోరంగా ఉంటుందన్నాయి, మనవాళ్లు తమ అంకె మీదే నిలబడ్డారు. చెప్పినచోట దాటింది, చెప్పినట్టే వీచింది. దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు కాబట్టి ప్రాణాలు నిలిచాయి. 1999 పెను తుఫానులో పోయినవాళ్లు పది వేలకు దగ్గర. ఫైలిన్‌లో పదుల్లోనే. నా క్లయింట్లలో ఆ మాట నమ్మినవాళ్లు పట్టుచీరల బేళ్లు మేడ మీద గదిలోకి ఎక్కించారు, కప్పు గట్టిగా ఉన్నచోట. పండగ గిరాకీ పోగొట్టుకోలేక షట్టరు తెరిచి ఉంచినవాళ్లు తడిసిన బేళ్లు ఎండబెట్టుకున్నారు.

అదే వాతావరణ శాఖ, 2009లో, ఏప్రిల్లో ఏమంది? దేశంలో వానలు సగటులో 96 శాతం అంది. జూన్లో 93కి దించింది. చివరికి పడింది 78 శాతం. పెద్ద కరువు. ఆఫీసు అదే, చదువుకున్నవాళ్లు వాళ్లే. తుఫాను విషయంలో అంత బాగా చెప్పినవాళ్లు రుతుపవనాల దగ్గర ఎందుకు తప్పారు? తుఫాను కళ్లెదుట ఉంది. ఉపగ్రహం చూస్తోంది, మూడు గంటలకోసారి దిద్దుకుంటున్నారు, చెప్పాల్సింది రెండు మూడు రోజుల ముందుమాట. రుతుపవనం సంగతి నాలుగు నెలలది, దేశమంతటిది. కాబట్టి వాతావరణ శాఖను నమ్మాలా వద్దా అనే ప్రశ్నే తప్పు. ఏ ప్రశ్నకు, ఎంత దూరానికి చెప్పిన జవాబు అనేది చూడాలి.

ఇంకోటి. ఆ 96 పక్కన "ఐదు శాతం అటూ ఇటూ" అని వాళ్లే రాశారు. పేపరు హెడ్డింగులోకి వచ్చేసరికి ఆ అటూ ఇటూ ఎగిరిపోయింది. నా క్లయింటు ఒకాయన, పురుగుమందులూ పంపుసెట్లూ అమ్ముతాడు, ఆ హెడ్డింగు చదివి ఆర్డరు పెట్టాడు. 2023లో ఇంకో తమాషా. 96 అన్నారు, 94 పడింది, జోస్యం దాదాపు సరైనదే. కానీ ఆ ఆగస్టు, 1901 నుంచి లెక్కలున్న కాలంలో అన్నిటికంటే ఎండిపోయిన ఆగస్టు. దేశం సగటు సరిపోయింది, మరి దిగపహండి రైతు నాట్లకు? సగటు ఎప్పుడూ మన ఊళ్లో కాపురం ఉండదండీ.

తిత్లీ తుఫాను కూడా అంతే. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటుతుంటే మనమంతా సముద్రం వైపు చూశాం. గజపతి జిల్లా కొండల్లో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. జోస్యం తీరం గురించి సరిగ్గానే చెప్పింది. మనం చూడాల్సిన దిక్కంతా అదే అనుకున్నాం.

తుఫాను జోస్యంలో నేను గౌరవించేది ఇంకొకటుంది. వాళ్లు తారీఖు చెబుతారు, చోటు చెబుతారు, గాలి ఎంతో చెబుతారు. తప్పితే తప్పిందని అందరికీ తెలుస్తుంది. అయిపోయాక తాము చెప్పినదానికీ జరిగినదానికీ ఎన్ని కిలోమీటర్ల తేడా వచ్చిందో లెక్కవేసి బయటపెడతారు. మన వ్యాపారంలో జోస్యం చెప్పేవాళ్లు ఎప్పుడైనా ఆ పని చేశారా? "ఈ లైన్‌కి మంచి ఫ్యూచర్ ఉంది సార్." ఎప్పుడు? ఎంత? ఎవరికి? అది తప్పవడానికి వీల్లేని మాట. తప్పవడానికి వీల్లేని జోస్యంతో సరుకు కొనలేం.

ఈ రోజు జూన్ 29, మహలనోబిస్ గారి పుట్టినరోజు. ఆయనకు మన ఒడిశాతో ఉన్న సంబంధం చెప్పకపోతే బాగుండదు. 1926లో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. ఇంజనీర్ల కమిటీ చూసి, నది అడుగు మట్టం పెరిగిపోయింది, గట్లు ఇంకొన్ని అడుగులు ఎత్తు చేయాలంది. చాలా డబ్బు ఖర్చయ్యే పని. మహలనోబిస్ గారు సుమారు 60 ఏళ్ల వానలు, నీటిమట్టాల లెక్కలు ముందేసుకు కూర్చున్నారు. నది అడుగు ఏమీ పెరగలేదు, ఆ ఏడు ఎగువన వాన అసాధారణంగా పడింది, అంతే అని తేల్చారు. ఇంజనీర్లు తెలివితక్కువవాళ్లా? కాదు. కళ్లముందున్న ఒక్క వరద చూసి కారణం చెప్పారు. మేము ఒక్క యాత్ర ఏడాది చూసి ఏజెన్సీ తీసుకున్నట్టే. కాకపోతే వాళ్ల వరద పెద్దది, మా వరద కూల్‌డ్రింకులది.

సరే, మరి ఏం చేయాలి అంటారు. నేను చేసేది చెబుతాను, పెద్ద శాస్త్రం కాదు. కొత్త వ్యాపారం లెక్క వేసేటప్పుడు ఒక అమ్మకం అంకె రాయను. మూడు రాస్తాను. అన్నీ కలిసొస్తే ఇంత, మామూలుగా ఇంత, యాత్ర లేని ఏడు వానాకాలంలో ఇంత. ఆ మూడోదాంట్లో ఎన్ని నెలలు అద్దె, జీతాలు, కిస్తీ కట్టగలవు అని అడుగుతాను. రెండు నెలలు అంటే వద్దంటాను. మొదటి అంకె ఎంత అందంగా ఉన్నా వద్దంటాను. ఇంకా ఒక పాత నోటు పుస్తకం పెట్టాను. నేను చెప్పిన ప్రతి జోస్యం తారీఖుతో రాసి, ఏడాది తిరిగాక పక్కన జరిగింది రాస్తాను. ఆ పుస్తకం మా ఆవిడకు కూడా చూపించను. కానీ అది మొదలెట్టాక, నోటికొచ్చిన అంకె చెప్పడం తగ్గింది.

ప్రశ్నలుంటే అడగండి. టీ వస్తోంది. కార్యదర్శి గారూ, ఎంతమంది వచ్చారో రేపు పేపరుకు రాసేముందు టీ అబ్బాయిని కప్పులెన్ని పోయాయో అడగండి. రెండోసారి తీసుకున్నవాళ్లను మాత్రం తీసేయాలి, నేనూ రెండు తాగుతాను.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది, చెప్పమ్మా.

(అప్పడాలు, పచ్చళ్ల యూనిట్ పెట్టాలనుకుంటున్నానని, దానికి బ్యాంకు లోన్ ప్రాజెక్ట్ రిపోర్టు ఈయన చేతే రాయించుకుందామనుకుంటున్నానని ఆ అమ్మాయి చెప్పింది. "మాస్టారూ, మీరు రాసే ప్రాజెక్ట్ రిపోర్టు బియ్యం లెక్కా, ఉప్పు లెక్కా?" అని అడిగింది.)

పట్టేసింది! ఎవరమ్మాయమ్మా నువ్వు? బియ్యమే తల్లీ. బియ్యం కూడా కాదు, బాస్మతి. లోన్ శాంక్షనైతేనే నాకు పూర్తి ఫీజు. అందుకని నా రిపోర్టుల్లో ఏ ఏడూ నష్టం రాదు. ఏటా అమ్మకం పది శాతం పెరుగుతుంది, ఎక్సెల్‌లో మౌస్ పట్టి లాగితే ఐదేళ్లు నిండిపోతాయి. డీఎస్‌సీఆర్, అంటే వచ్చే ఆదాయం కట్టాల్సిన కిస్తీకి ఎన్ని రెట్లో చెప్పే అంకె, ఒకటిన్నర పైన కనబడితే బ్యాంకాయనకు సంతోషం, ఆయనకీ టార్గెట్ ఉంది కదా. నువ్వొక్కదానివే ఆ కాగితాన్ని నిజమనుకుని యూనిట్ నడుపుతావు. మన ఊరి అప్పడాలకు పేరుంది నిజమే. ఆ పేరు మీద ఇప్పటికే ఎంతమంది అమ్ముతున్నారో కూడా చూసుకో.

ఒక పని చెయ్. గిరి మార్కెట్లో నాలుగు కిరాణా షాపులు పట్టుకో. కట్టకు ఎన్ని అప్పడాలో, ఎన్నాళ్లకోసారి సరుకు వేయించుకుంటున్నారో, విరిగినవి ఎన్ని వెనక్కి పంపుతున్నారో రాసుకో. వానాకాలంలో ఎండబెట్టడం ఎలా అన్నది వేరే కాగితం మీద రాయి. రెండు నెలలు తిరుగు. అప్పుడు నా దగ్గరికి రా. అమ్మకాల కాలమ్ నువ్వు నింపుకుని రా, టోటల్ నేను వేస్తాను.